పెద్దనాయన చెప్పిన నీళ్లు

మొన్న ఆదివారం పొద్దున మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. మల్లెల తీర్థం జలపాతం. మా తమ్ముడి కొడుకు ముందురోజు కారులో అచ్చంపేట మీదుగా పోయి, చీకటి పడకముందే ఇల్లు చేరి, తీరిగ్గా పెట్టాడు. వానలు బాగా పడ్డాయి కాబట్టి నీళ్లు కొండ నిలువునా తెల్లగా దిగుతున్నాయి. వీడు వాటికి వీపు పెట్టి నిలబడి, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా, ఫోన్‌లో తనను తాను చూసుకుంటున్నాడు. అంత దూరం పోయింది దేనికో ఆ వీడియో చూస్తే తెలియదు.

కింద ఒక మేనకోడలు, ఇది నిజమేనా, కంప్యూటర్‌లో చేసిందా అని అడిగింది. వాడు ఒట్టు పెట్టాడు. ఇంకెవరో నవ్వే బొమ్మ పెట్టారు. ఎవరూ నమ్మినట్టు లేదు.

నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ జలపాతాన్ని నమ్మకపోవడం మా ఇంట్లో కొత్త కాదు. కంప్యూటర్లు రాకముందు నుంచే నమ్మకుండా ఉన్నాం.

మాది బిజినేపల్లి దగ్గర చెలకల ఊరు. ఎర్ర నేల, అందులో మట్టి ఎంతో రాళ్లు అంత. జొన్న, ఆముదం, కంది, వాన దయ తలిస్తే పల్లికాయ. నీళ్లనేవి మా ఊళ్లో బావి అడుగున ఉండేవి. అందుకే నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు మనుషులు కిందికి చూసేవాళ్లు. అలాంటి ఊళ్లో ఒక మనిషి అరుగు మీద కూర్చుని, ఒకచోట కొండ మీదినుంచి నీళ్లు పడతాయని, ఎవరూ తోడకుండానే పడతాయని, పడ్డవి పడ్డట్టే ఏ చేనుకూ పారకుండా అడవిలోకి పోతాయని చెప్పేవాడు. ఆ మనిషి మా పెద్దనాయన. మా నాయనకు అన్న.

ఆయన పెళ్లికి ముందు ఒక ఏడు మా దిక్కు వానలు పడలేదట. ఊళ్లోవాళ్లు కొందరు పని వెతుక్కుంటూ పోతుంటే ఈయన కూడా పోయి, మన్ననూరు అవతల నల్లమల అడవిలో వెదురు నరికే పనిలో చేరాడు. దసరా తర్వాత పోయినవాడు ఎండలు ముదరకముందే వచ్చాడు. వస్తూ వస్తూ అరచేతిలో వెదురు పేడు గీసిన మచ్చ, ఒక సీసాడు తేనె, లెక్కలేనన్ని ముచ్చట్లు తెచ్చాడు. తేనె వారంలో అయిపోయింది. ముచ్చట్లు మా బాల్యమంతా వచ్చాయి.

రాత్రి బువ్వలు తిన్నాక తాత అరుగు మీద చుట్ట ముట్టించేవాడు. వాకిట్లో ఆరబోసిన ఆముదం కాయలు పగటి ఎండను ఇంకా వదలక చిటపటమని పగులుతుండేవి. ఆ చుట్ట వాసన, ఆ ఆముదాల వాసన కలిస్తే పెద్దనాయనకు అడవి గుర్తుకొచ్చేది. ఎలుగ్గొడ్డు తన సద్దిమూట ఎత్తుకుపోయిన సంగతి చెప్పేవాడు. పెద్దపులి గుండం దగ్గర నీళ్లు తాగి, తల ఎత్తి తనవైపు చూసి, పనికిరాడనుకుని పోయిన సంగతి చెప్పేవాడు. అందరూ ఊఁ కొట్టేవాళ్లు. చివరికి నీళ్ల దగ్గరికి వచ్చేవాడు. రెండు చేతులూ పైకెత్తి, గోడ మీదినుంచి పాలబిందె వంచినట్టు పడతాయి అని, ఆ చేతులను నెమ్మదిగా కిందికి దించేవాడు. చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినపడదనేవాడు. అక్కడితో అందరూ లేచి పడుకోవడానికి పోయేవాళ్లు.

పులిని ఊరు నమ్మింది, నీళ్లను నమ్మలేదు. అందులో వింత లేదు. మా దిక్కు పులిని చూసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అన్ని నీళ్లు ఒక్కచోట చూసినవాళ్లు ఎవరూ లేరు.

దీనివల్ల పెద్దనాయనకు జరిగిన నష్టం ఏమిటంటే, మిగతా మాటలకు కూడా విలువ పోయింది. వాన వస్తోందని ఆయన అంటే పెద్దమ్మ నన్ను వాకిట్లోకి పంపి మబ్బు ఉందో లేదో చూసి రమ్మనేది. ఎర్ర ఎద్దు కుంటుతోందంటే తాత లేచి పోయి తానే కాలు ఎత్తి చూసేవాడు. నిజానికి ఆయన మిగతా ఏ విషయంలోనూ అబద్ధం ఆడిన మనిషి కాదు. ఆడే ఓపిక కూడా ఉన్నట్టు కనపడేది కాదు. ఒక్క జలపాతం ఆయన్ను ముంచింది.

ఆయన దీన్నంతా నవ్వుతూనే మోసేవాడు, ఒక ఏడాది దాకా. ఆ ఏడాది మా చేను పక్కన ఇద్దరు అన్నదమ్ములకు గట్టు తగాదా వచ్చింది. హద్దురాయి ఎక్కడ ఉండేదో చూసినవాడు పెద్దనాయన ఒక్కడే. ఆయన చెబుతానంటే పంచాయితీలో కూర్చున్న ఒక పెద్దమనిషి, ఏ రాయి, ఆ నీళ్లు పడే కొండ మీది రాయా అన్నాడట. జనం నవ్వారట. ఆయన మాట అడగకుండానే తీర్పు చెప్పేశారు. నవ్వింది ఊరు కాబట్టి ఆయన ఊరి మీద కోపం తెచ్చుకోలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, బువ్వ వద్దని పడుకున్నాడు. మా ఇంట్లో బువ్వ వద్దనడం అంటే జ్వరమైనా ఉండాలి, చావైనా జరగాలి. పెద్దమ్మ నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు.

మరునాడు పొద్దున తాత జొన్నగటక తింటూ, కొడుకు మొహం చూడకుండా అన్నాడు.

"నువ్వు సూసింది నిజమైతే నాకు సూపియ్యి. సూపిచ్చినంక నీ మాట, నా మాట ఒకటే. లేకుంటే ఇగ ఆ నీళ్ల ముచ్చట ఈ ఇంట్ల తియ్యొద్దు."

పెద్దనాయన మొహం వెలిగింది. దసరా వెళ్లినాక పోదాం నాయినా, అప్పుడైతే మంచిగుంటయ్ అన్నాడు. తాత తల అడ్డంగా ఊపాడు.

"దసరాకు మన వాగుల గూడ నీళ్లుంటయ్‌రా. బాయి మంచిదో కాదో ఎప్పుడు సూస్తరు? నడి ఎండకాలం సూస్తరు. గప్పుడు గూడ ఉంటేనే అవి నీళ్లు."

ఈ మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. ఎందుకంటే తాత బావులు చూసే మనిషి. ఎవరైనా చేను కొనాలంటే చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చి ఆయన్ను పిలుచుకుపోయేవాళ్లు. ఆయన వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం తప్ప బావిలో దిగడు. దిగి, నీళ్లను పెద్దగా పట్టించుకోడు. బావి గోడకు అరచేయి ఆనించి నెమ్మదిగా పైకి జరుపుతూ పోతాడు. రాళ్ల మీద తెల్లటి గీత ఎక్కడ ఉంది, ఎండిన పాకురు ఎంత మందం ఉంది, చూసి పైకి వచ్చి ఔననో కాదనో చెబుతాడు. అలాంటి మనిషి జలపాతాన్ని కూడా ఎండాకాలంలోనే పరీక్షించాలనడం సహజం. అది తప్పని మాకెవరికీ తోచలేదు. పెద్దనాయనకు తోచిందేమో. కానీ రైతుగా ఆ వాదాన్ని కాదనడానికి ఆయనకూ నోరు రాలేదు. పైగా వానాకాలంలో చేను వదిలి జలపాతం చూడటానికి పోయే రైతు మా దిక్కు ఇంకా పుట్టలేదు.

అలా వైశాఖంలో బయలుదేరాం. ఎడ్లకు నీళ్లు పెట్టడానికి అమ్మా నాయనా ఇంటి దగ్గర ఉండిపోయారు. తాత, పెద్దనాయన, పెద్దమ్మ, నేను. గద్వాల అవతల ఇచ్చిన మా మేనత్త ఎండాకాలానికి పుట్టింటికి వచ్చి ఉంది కాబట్టి ఆమె. అన్న ఓడిపోతే చూడాలని వచ్చిందని పెద్దమ్మ అనుమానం. అత్త దాన్ని కాదనలేదు.

అమ్మ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, పులుసన్నం మూట కట్టింది. అత్త తన వంతుగా హోళిగలు చేసింది. మేం పోళెలు అనే బొబ్బట్లను ఆమె కర్ణాటక గాలి సోకి హోళిగలు అనేది, అలా అన్నందుకు వాటికి రుచి పెరిగినట్టు వడ్డించేది. అన్నిటికంటే ముఖ్యమైంది పెద్దమ్మ చంకలో ఉంది. బిందెడు నీళ్లు. నీళ్లు చూడటానికి పోతూ నీళ్లు ఎందుకు అని ఎవరూ అడగలేదు. మా ఊరివాళ్లు ఎక్కడికి పోయినా నీళ్లు మోసుకునే పోతారు. పెద్దనాయన ఒక్కడే ఆ బిందె వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ బిందె ఆయన మీద వేసిన అనుమానమే కదా.

నాగర్‌కర్నూలు మీదుగా అచ్చంపేటకు ఒక బస్సు. అక్కడినుంచి శ్రీశైలం పోయే బస్సు. బస్సులో డీజిల్ వాసన, చెమట వాసన, ఎవరో తెచ్చిన మామిడిపండ్ల గంప వాసన. అత్త నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. మన్ననూరులో బస్సు ఆగినప్పుడు అడవి కావలి ఆయన ఎక్కి, ఎండాకాలం కాబట్టి అగ్గి భయమని చెప్పి, తాత దగ్గర అగ్గిపెట్టె తీసుకున్నాడు. ఎటు పోతున్నారని అడిగాడు. నీళ్లు సూడనీకి అన్నాడు తాత. ఆయన పెద్దమ్మ ఒళ్లో ఉన్న బిందె వైపు చూశాడు. ఏమీ అనకుండా దిగిపోయాడు. మర్యాదస్తుడు.

ఘాటు ఎక్కాక వటవర్లపల్లి దగ్గర దిగాం. చెట్లన్నీ ఆకులు రాల్చి నిలబడి ఉన్నాయి. నేను అడవంటే పచ్చగా ఉంటుందనుకున్నాను. ఇది మా చెలకలాగే ఉంది, కాకపోతే నిలువుగా ఉంది. దారి పక్కన ఒక చెంచు ముసలమ్మ ఆకు దొన్నెల్లో మొర్రిపండ్లు పెట్టుకుని కూర్చుంది. నల్లగా, బఠానీ అంత ఉంటాయి. నోట్లో వేసుకుంటే తీపి, పులుపు, కొంచెం పొగ వాసన. పెద్దమ్మ దొన్నెలు తీసుకుంటుంటే ఆ అవ్వ ఎక్కడికని అడిగింది. తీర్థానికి, నీళ్లు చూడటానికి అని పెద్దనాయన గర్వంగా చెప్పాడు.

"గిప్పుడా?" అంది అవ్వ.

పెద్దనాయనకు ఆ మాట వినపడలేదు. ఆయన పక్కనే నిలబడ్డ నాకు వినపడింది, రోడ్డుకు అవతల ఉన్న అత్తకు కూడా వినపడింది.

అక్కడినుంచి నడక. మట్టిబాట, బండ్ల చాళ్లు, ఎండుటాకుల చప్పుడు. కొంతదూరం పోయాక పెద్దమ్మకు చేయి నొప్పి పుట్టి బిందె నాకిచ్చింది. నెత్తిమీద బట్టచుట్ట పెట్టుకుని మోశాను. నీళ్లున్నచోటికి నీళ్లు మోయడం వెర్రితనమని నాకు తోచింది. వెనకబడి, ఎవరూ చూడకుండా కొంచెం కొంచెంగా ఒలకబోస్తూ వచ్చాను. పెద్దనాయనను నమ్మిన మొదటి మనిషిని నేనేనని చెప్పుకోవచ్చు. మెడనొప్పి వల్ల కలిగిన నమ్మకం అయితే మాత్రమేం.

ఒక చెట్టు కింద ఆగితే కొండముచ్చు ఒకటి దిగి, ఎంతో నిదానంగా, మూటలన్నీ వాసన చూసి, హోళిగల మూట ఎంచుకుని పైకి పోయింది. అత్త దాన్ని గద్వాల భాషలోను, అవతలి భాషలోను తిట్టింది. అది కొమ్మ మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పి, లోపలి పూర్ణం తిని, పై పొర కిందికి పారేసింది. పెద్దమ్మ, నీ వంట మంచిగనే తింటున్నది మరదలా అంది. అత్త ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ కాసేపు ప్రయాణం హాయిగా సాగింది.

బాట లోయలోకి దిగడం మొదలైంది. ఇప్పుడు ఉన్న మెట్లు అప్పుడు లేవు. వేర్లు పట్టుకుని, బండల మీద కూర్చుని జారుతూ దిగాలి. పెద్దనాయన ముందు నడుస్తున్నాడు. మాకంటే బాగా ముందుకు పోయి, ఆగి, చేయి ఎత్తి, సప్పుడు ఇనుండ్రి అన్నాడు. అందరం ఆగి విన్నాం. ఏదో పిట్ట అరిచింది. జర దగ్గరికి పోతే ఇనొస్తది అని మళ్లీ కదిలాడు. ఇంకొంత దిగాక మళ్లీ ఆగాడు. మళ్లీ విన్నాం. పిట్ట కూడా ఊరుకుంది. ఆ తర్వాత ఆయన ఆగలేదు, వినమనలేదు. ఆయన వీపు మీద అంగీ తడిసి అంటుకుపోయి ఉంది. మేము మామూలుగా దిగుతున్నాం, ఆయన ఉరుకుతున్నాడు.

అడుగున చల్లగా ఉంది. అంత ఎండలో అంత చల్లదనం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. తడిరాయి వాసన, కుళ్లిన ఆకుల వాసన. చుట్టూ ఎత్తయిన బండ, బావిలో దిగినట్టు. కింద చిన్న గుండం. పైన బండ అంచు నుంచి ఒక సన్నటి ధార దిగుతోంది. మా అమ్మ చల్ల పోసేటప్పుడు కుండ మూతి నుంచి కారుతుందే, అంత. గాలి వీస్తే అది కూడా పక్కకు పోయి బండకు అంటుకునేది. గాలి ఆగాక మళ్లీ తన పని తాను మొదలుపెట్టేది.

హోళిగలు పోయిన బాధ మీద ఉన్న అత్తే మొదలుపెట్టింది.

"అన్నా, పాలబిందె వంచినట్ల అంటివి. గిది తోడు పెట్టనీకి గూడ సాలదు గదనే."

పెద్దమ్మకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు సగంలో ఆగిపోయింది, మొగుని మొహం చూసి. పెద్దనాయన పైకే చూస్తున్నాడు. ఎక్కడో వేరే ధార ఉండాలి, ఎవరో పక్కన పెట్టారు, ఇప్పుడు తెస్తారు అన్నట్టు చూస్తున్నాడు. అలా చూస్తూనే అన్నాడు.

"ఉండె. నేను సూసిన."

గొంతు పెద్దది చేయలేదు, ఒట్టు వేయలేదు. పోయి గుండం ఒడ్డున మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పంచాయితీలో నవ్వింది ఊరు. ఇక్కడ నవ్వింది చెల్లెలు. ఇక ముందు ఆయన ఏ రాయి ఎక్కడ ఉందని చెప్పినా వినేవాళ్లు ఉండరు, ఇంట్లో కూడా. ఆ సంగతి అంత చిన్నవాణ్ణైన నాకే అర్థమైంది.

నేను అంగీ విప్పి ధార కిందికి పోయాను. నెత్తి తడిసేది, భుజాలు తడవాలంటే పక్కకు జరగాలి. అక్కడినుంచి తాతను చూశాను. ఆయన నీళ్ల వైపు చూడటం లేదు. బండ దగ్గరికి పోయి అరచేయి ఆనించాడు. చేయి అందినంత పైకి జరిపాడు. కింద ఎండి పెళుసుబారిన పాకురును గోటితో లేపి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. తల ఎత్తాడు. నేనూ ఎత్తాను. బండ మీద తెల్లటి చారలు, పైనుంచి కింది దాకా, మా ఇంటి ముందుగోడ కంటే వెడల్పు. తాత ఆ చారల ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బండను తడుముకుంటూ నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. అంతసేపు ఆయన ఏ బావినీ చూడలేదు.

తర్వాత మొహం కడుక్కుని, దోసిలితో తాగి, పోయి కొడుకు పక్కన కూర్చున్నాడు. పెద్దమ్మ సద్ది విప్పింది. బిందె ఎత్తి చూసి నావైపు ఒక చూపు చూసింది. గుండం నీళ్లే తాగాం. తాత రొట్టె విరిచి సగం పెద్దనాయన చేతిలో పెట్టాడు. అత్తకు ఆగలేదు. ఏమంటవ్ నాయినా అని అడిగింది. రొట్టె తిను అన్నాడు తాత.

తిరుగు ప్రయాణమంతా పెద్దనాయన కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తూ వచ్చాడు. మన్ననూరులో కావలి ఆయన అగ్గిపెట్టె తిరిగి ఇచ్చాడు. నీళ్లు చూశారా అని మాత్రం అడగలేదు. ఆయన మర్యాదస్తుడని ముందే చెప్పాను.

ఊరు చేరేసరికి పొద్దు గూట్లో పడుతోంది. మా అరుగు మీద సగం ఊరు కూర్చుని ఉంది. మేం పోయిన పని అందరికీ తెలుసు. పంచాయితీలో నవ్వించిన పెద్దమనిషి కూడా వచ్చి, మంచి చోటు చూసుకుని కూర్చున్నాడు. పెద్దనాయన ఎవరినీ చూడకుండా లోపలికి పోబోయాడు. మూటలు అడ్డం ఉంటే వంగి వాటిని పక్కకు జరుపుతూ ఆగాడు.

ఉన్నయా మరి నీళ్లు అని పెద్దమనిషి తాతనే అడిగాడు. తాత కూర్చున్నాడు. చెంబుడు నీళ్లు తాగాడు. చుట్ట ముట్టించాడు. ఒకటి రెండు దమ్ములు లాగాడు.

"ఉన్నయ్. పాలబిందె వంచినట్ల పడ్తున్నయ్. గా సప్పుడుకు పక్కన మనిషి మాట ఇనరాదు."

పెద్దనాయన మూట వదిలేసి తల ఎత్తాడు. తండ్రిని చూశాడు.

"లే నాయినా. సన్నగ పడ్తుండె."

జనం గొల్లున నవ్వారు. ఇన్నేళ్లు నీళ్లు, నీళ్లు అని పోరినవాడు తీరా తండ్రి చూసొచ్చి ఔనంటుంటే కాదంటున్నాడని. నిన్నెవలు అడిగిండ్రయ్యా, పెద్దాయన చెప్తుండు గద అని పెద్దమనిషి గదమాయించాడు. నీళ్ల గురించి నిజమే చెప్పి రెండోసారి కూడా నమ్మకం పోగొట్టుకున్న మనిషి మా పెద్దనాయన. కొందరు అత్త వైపు తిరిగారు. తాత కూడా అత్త వైపు చూశాడు, చుట్ట పొగలోనుంచి. అత్త కొంగు దులుపుకుని, చాలు అనడానికి తన కన్నడ మాట వాడింది.

"సాకు సాకు, నన్ను అడగొద్దు. నా చీర ఇంకా ఆరనే లే."

ఇంతకుమించి నేను ఆమె నోట అన్న గురించి మంచి మాట వినలేదు.

నాకు మాత్రం మింగుడు పడలేదు. బడిలో సార్లు అబద్ధం ఆడవద్దని చెప్పిన రోజులు; ఇంకా నమ్ముతున్న వయసు. మరునాడు చేలో తాతను పట్టుకుని అడిగాను, సన్నగనే ఉండె గద తాతా అని. తాత నాగలి కర్రు చూసుకుంటూ అన్నాడు.

"బాయి సూసినప్పుడు నేను ఉన్న నీళ్లు సూస్తనారా? వచ్చిపొయ్యే నీళ్లు సూస్త. గా బండ మీద రాసుంది, మీ పెద్దనాయిన సూసిందే."

మరి పెద్దనాయనకు ఆ మాట అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్పేది ఊరికి, వానికి తెల్వదా అన్నాడు.

ఆ ఏడే గట్టు తగాదా మళ్లీ లేచింది. ఈసారి పెద్దనాయనను పిలిచి అడిగారు. ఆయన పోయి ఒకచోట కాలితో గీత గీసి, రాయి ఇక్కడుండె అన్నాడు. తవ్వితే దొరికిందా అంటే, తవ్వలేదు. మాట చాలన్నారు.

అప్పటినుంచి మా అరుగు మీద ఒక మార్పు వచ్చింది. నీళ్ల ముచ్చట చెప్పే పని తాత తీసుకున్నాడు. ఏటేటా ఆ జలపాతం పెరుగుతూ పోయింది. మొదట పాలబిందె ఉండేది, తర్వాత పాలకాగు అయింది, ఒక కరువేడు చెరువు తెగినట్టు పడింది. పెద్దనాయన పక్కన కూర్చుని, తుంపర ఉండె, గంత లేదు నాయినా అంటూ తగ్గిస్తూ వచ్చేవాడు. ఆయన తగ్గించిన కొద్దీ జనానికి తాత మీద నమ్మకం పెరిగేది. ఇద్దరికీ ఈ ఏర్పాటు నచ్చినట్టే ఉండేది.

నేను నాగర్‌కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు స్నేహితులతో కలిసి వానాకాలంలో పోయాను. మా వాళ్లలో ఆ పని చేసిన మొదటివాణ్ణి; చేను చేసే బాధ లేనివాడు కాబట్టి కుదిరింది. లోయలో సగం దిగేసరికే నీళ్ల చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడలేదు. కింద నిలబడితే గాలే తడిగా కొడుతోంది. తెల్లచారలు కనపడలేదు, అవి ఉన్నచోటంతా నీళ్లే. ఇంటికి వచ్చి పెద్దనాయనతో, నువ్వు చెప్పింది తక్కువే పెద్దనాయినా అన్నాను. ఆయన పల్లికాయ వలుస్తూ, ఔ, తక్కువ చెప్తేనే నమ్మకపోయిరి అన్నాడు.

ఇప్పుడు ఆ ఊళ్లో బావులు లేవు. బోర్లు వచ్చాక చాలావాటిని రాళ్లతో, మట్టితో పూడ్చేశారు. ఎగువ నుంచి కాలువ వచ్చింది. మా చెలకల్లో వరి పండుతోంది. నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ కిందికి చూడటం లేదు. అసలు నీళ్ల గురించే ఎక్కువ మాట్లాడటం లేదు. అరచేతితో బావి చదివే పనికి ఇప్పుడు పిలిచేవాళ్లు లేరు, పోయేవాళ్లూ లేరు.

తాత పోయినప్పుడు దినాలకు వనపర్తి నుంచి దూరపు చుట్టాలు వచ్చారు. వంటలు అయ్యాక మగవాళ్లంతా అరుగు మీద కూర్చున్నారు. మాటల్లో ఒకాయన, పెద్దాయన ఆ నీళ్ల ముచ్చట మస్తు చెప్తుండె, నిజంగ గంత ఉండెనా అని పెద్దనాయనను అడిగాడు. మా వాళ్లందరం ఆయన వైపు చూశాం. సన్నగ పడ్తుండె అంటాడని మాకు తెలుసు. ఆయన అలా అనగానే కాసేపు నవ్వుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. ఇంట్లో నవ్వి చాలా రోజులైంది.

పెద్దనాయన గొరిగించుకున్న తల ఒకసారి నిమురుకున్నాడు.

"మా నాయిన కండ్లతోని సూసిండు. సెరువు తెగినట్ల పడుతుండె. నేను పక్కన్నే కూసున్న. నాయిన నాతోని ఏందో అన్నడు గని, గా సప్పుడుకు నాకు ఇనబడలే."

వచ్చినాయన తల ఊపాడు. అందరూ ఊపారు.

ఆ రోజు ఆ లోయ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, తాత రొట్టె విరిచిన చప్పుడు ధార కింద ఉన్న నాకు కూడా వినపడింది. నేనేమీ అనలేదు.